దానంతట అదే అంటుకుంది!

మరైగూడ ఛత్తీస్‌గఢ్‌లో, సుక్మా జిల్లా కోంటా బ్లాకులో, తెలంగాణ సరిహద్దు పక్కనే ఉన్న ఊరు. 1998 దాకా బస్తర్ జిల్లా, తర్వాత దంతెవాడ, 2012 నుంచి సుక్మా. జిల్లా పేరు మారుతూ వచ్చింది గానీ వానాకాలం మారలేదు. ముసురు పట్టిందంటే దండెం మీద బట్ట రెండ్రోజులైనా ఆరదు. పొయ్యి పక్కన వెదురు కర్ర కట్టి దాని మీద ఆరేసుకోవడం అడవి పల్లెల్లో అందరికీ తెలిసిన పనే. ఎప్పుడైనా చీర అంచు జారి నిప్పులో పడితే ఇల్లు కాలుతుంది. అలా కాలినప్పుడు ఎవరూ మంత్రగాడి దగ్గరికి వెళ్ళరు. కారణం కళ్ళ ముందే ఉంది కదా! కింద నిప్పు, పైన బట్ట.

మూటగట్టి మూలన పెట్టిన బట్టలు, దగ్గర్లో నిప్పే లేకుండా, అర్ధరాత్రి పొగలు కక్కితే అప్పుడు మొదలవుతుంది కథ. "దానంతట అదే అంటుకుంది" అన్న మాట వెంటనే "ఎవరో చేయించారు" అనే మాట వస్తుంది. ఈ రెండో మాట ఎంతమంది ప్రాణాలు తీసిందో లెక్క లేదు.

ఇంతకీ నేను రాయబోయేది బట్టలు ఆరబెట్టే యంత్రాల్లో పుట్టే మంటల గురించి. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న మనవాళ్ళ ఇళ్ళల్లో అది వంటింటి స్టవ్వంత మామూలు వస్తువు. దానికీ బాణామతికీ సంబంధమేమిటని అడగొచ్చు. సంబంధం ఉంది. బట్టలు "వాటంతట అవే" అంటుకోవడం వెనకున్న చరిత్ర రెండింటికీ ఒకటే.

తెలంగాణలో, ముఖ్యంగా మెదక్, రంగారెడ్డి, నిజామాబాద్ వైపు, దాన్ని బాణామతి అంటారు. సరిహద్దు దాటితే కర్ణాటకలోనూ, మహారాష్ట్రలోనూ భానామతి. లక్షణాలు ఎక్కడైనా అవే. ఇంటి మీద రాళ్ళు పడతాయి. పెట్టెలో పెట్టిన చీరలకు చిల్లులు పడతాయి. దండెం మీద బట్టలు అంటుకుంటాయి. ఆడవాళ్ళు కుక్కల్లా మొరుగుతారు. ఆ తర్వాత ఊరంతా కలిసి ఒక ముసలమ్మనో, ఒంటరి మనిషినో పట్టుకుంటుంది. మంత్రం సరిగా పలకకుండా పళ్ళు రాలగొట్టడం మన తెలంగాణ పల్లెల్లో జరిగిన పనే. సజీవంగా తగలబెట్టిన సంఘటనలూ ఉన్నాయి. 1980ల్లో మెదక్ జిల్లాలో ఈ భయం ప్రబలినప్పుడు విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు డాక్టర్లను వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగి, "మంత్రాలు" అందరి ముందూ చేసి చూపించి, వాటి గుట్టు విప్పారు.

బస్తర్ వైపు దీని సంగతి ఇంకా ఘోరం. 2005లోనే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం టోనహీ ప్రతాడన నివారణ చట్టం తెచ్చింది. ఫలానా ఆవిడ టోనహీ (అంటే మంత్రగత్తె) అని చెప్పడమే ఆ చట్టం కింద నేరం. చట్టం వచ్చిన పంతొమ్మిదేళ్ళకు, 2024 సెప్టెంబర్ 15న, కోంటా పోలీస్ స్టేషన్ పరిధిలోనే ఏత్కల్ అనే పల్లెలో ఐదుగురిని కొట్టి చంపారు. అందులో ముగ్గురు ఆడవాళ్ళు. చనిపోయిన మగవాళ్ళలో ఒకరు పోలీసు ఉద్యోగి. ఊళ్ళో వరుసగా మనుషులు చనిపోతున్నారు, దానికి వీళ్ళ చేతబడే కారణమని అనుమానం. అక్కడ సంగతి మంట కాదు, జబ్బు. కానీ ఆలోచన నడిచిన దారి ఒకటే. కారణం తెలియలేదు, కాబట్టి ఎవరో చేశారు, కాబట్టి ఫలానా వాళ్ళే చేశారు.

ఇక మన హేతువాదుల సంగతి. బట్టలు అంటుకునే బాణామతికి మన దగ్గర తయారుగా ఒక జవాబుంది. తెల్ల భాస్వరం ఎండ వేడికే, సుమారు 30 డిగ్రీల దాటితే, అంటుకుంటుంది. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పోస్తే కాసేపటికి మండుతుంది. అగ్గిపుల్ల గీయకుండా హోమం వెలిగించే స్వాముల గుట్టు ఇదేనని వేదికల మీద ఎన్నిసార్లు చూపించి ఉంటాం! శ్రీలంకలో స్థిరపడిన కేరళీయుడు డాక్టర్ అబ్రహాం కోవూర్ (1898–1978) ఇలాంటి ఇళ్ళకు స్వయంగా వెళ్ళి పరిశోధించాడు. రాళ్ళు విసిరేదీ, బట్టలు తగలబెట్టేదీ దయ్యం కాదు, ఆ ఇంట్లోనే ఉన్న మనిషని, చాలాసార్లు మానసికంగా నలిగిపోతున్న మనిషని తేల్చాడు. మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ సంస్థ వాళ్ళు కూడా భానామతి కేసుల్లో ఇదే చూశారు. వాళ్ళలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. చేసిన మనిషి ఎవరో తెలిశాక ఆ పేరు ఊళ్ళో బయటపెట్టేవాళ్ళు కాదు. ఆ మనిషితో మాట్లాడి, కష్టమేమిటో తెలుసుకుని, మానిపించేవాళ్ళు. (దభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పూణేలో కాల్చి చంపారు. ఆ ఏడాది చివర్లో మహారాష్ట్రలో చట్టం వచ్చింది.)

ఇదంతా బాగానే ఉంది. కానీ ఈ జవాబు మనకు మరీ సులువుగా నోట్లోకి వచ్చేస్తోందని నా అభిప్రాయం. "దయ్యం లేదు కాబట్టి ఇంట్లోవాళ్ళే ఎవరో చేశారు" అని మనం అనేస్తున్నాం. ఊరివాళ్ళు ముసలమ్మను అనుమానిస్తే మనం కొత్త కోడల్ని అనుమానిస్తాం. మంత్రం పోయింది, భాస్వరం వచ్చింది, నేరం మోసే ఆడమనిషి మాత్రం అలాగే ఉంది! దయ్యమూ చేయకుండా, మనిషీ చేయకుండా బట్టలు అంటుకునే మూడో దారి ఒకటుంది. అది కొత్తగా కనిపెట్టింది కూడా కాదు, రెండున్నర శతాబ్దాల నాటి సంగతి.

1781 ఏప్రిల్‌లో రష్యాలో క్రోన్‌స్టాట్ రేవు దగ్గర లంగరేసి ఉన్న 'మారియా' అనే యుద్ధనౌకలో మంట లేచింది. ఓడ మీద అప్పటికి కొన్నాళ్ళుగా పొయ్యి కూడా వెలిగించలేదు. రాణి రెండో కేథరిన్ విచారణకు ఆదేశించింది. శత్రువు పనో, నావికుల నిర్లక్ష్యమో అని తేల్చేసి నలుగురికి కొరడా దెబ్బలు కొట్టించి ఊరుకోవడానికి ఆ రోజుల్లో అడ్డేమీ లేదు. విచారణ చేసినవాళ్ళు మాత్రం ఓడలో ఏమేమి సామాన్లున్నాయో చూశారు. గదిలో ఒక మూట దొరికింది. ఓడకి రంగు వేయడానికి దీపపు మసిని జనుము జాతి గింజల నూనెలో కలిపి, గుడ్డలో చుట్టి పెట్టారు. ఇదే కారణమై ఉండొచ్చా అని అనుకుని ఊరుకోలేదు. అలాంటి మూటే మళ్ళీ కట్టి, తాళం వేసి, సీలు వేసి, కాపలా పెట్టి చూశారు. కొన్ని గంటలకు పొగ, ఆ తర్వాత నిప్పు! సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలోని గేయోర్గీ అనే శాస్త్రవేత్త వేరు వేరు నూనెలతో, వేరు వేరు పాళ్ళలో ఈ ప్రయోగాలు వరుసగా చేసి రాసిపెట్టాడు.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ ఇంకోటి చెబుతాను. 1847 జూన్‌లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో గోర్లిట్జ్ ప్రభువు భార్య తన గదిలో కాలి చనిపోయి కనిపించింది. మనిషి శరీరం దానంతట అదే మండిపోగలదని ఆ రోజుల్లో డాక్టర్లలోనే చాలామంది నమ్మేవాళ్ళు. సారాయి ఎక్కువ తాగేవాళ్ళు అలా మండుతారట! ఈ కేసులో కూడా ఆ వాదన వచ్చింది. 1850లో విచారణ జరిగినప్పుడు ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త లీబిగ్, శరీర శాస్త్రవేత్త బిషాఫ్ కోర్టుకు వచ్చి, మూడొంతులు నీళ్ళున్న శరీరం అలా మండదని సాక్ష్యం చెప్పారు. శిక్ష పడింది ఆ ఇంటి నౌకరుకి. ఆ తర్వాత అతను నేరం ఒప్పుకున్నాడు కూడా. అయినా 1852–53లో చార్లెస్ డికెన్స్ తన 'బ్లీక్ హౌస్' నవలలో ఒక తాగుబోతు పాత్రను ఇలాగే మండించి చంపాడు. జి.హెచ్. లూయిస్ ఇది శాస్త్రం కాదని పత్రికలో ఉతికేస్తే డికెన్స్ వెనక్కి తగ్గలేదు. గొప్ప రచయిత అయినంత మాత్రాన అన్నీ తెలియాలనేముంది.

అంటే ఒక చోట నిజంగానే దానంతట అదే అంటుకుంది. ఇంకో చోట దానంతట అదే అన్న మాట హంతకుడికి ముసుగు కాబోయింది. రెండు చోట్లా ముందే ఒక అభిప్రాయానికి వచ్చి కూర్చున్నవాళ్ళు పప్పులో కాలేసేవాళ్ళే.

నూనె గుడ్డ ఎందుకు మండుతుంది? నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తాయి. కలిసినప్పుడు కాస్త వేడి పుడుతుంది. సీసాలో ఉన్న నూనెకు గాలి తగిలేది పైపైనే కాబట్టి ఏమీ కాదు. అదే నూనె గుడ్డకు పట్టిందనుకోండి, దారం దారానికీ గాలి తగులుతుంది. ఆ గుడ్డను దండెం మీద పరిస్తే పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. ఉండ చుట్టి మూలన పడేస్తేనో? లోపల పుట్టిన వేడి బయటికి పోలేదు. వేడి పెరిగితే రసాయన చర్య వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. అలా కొన్ని గంటల్లో గుడ్డ కమిలి, అంటుకునే స్థితికి వస్తుంది. అందుకే ఈ మంటలు సాధారణంగా మనుషులు పని ముగించుకుని వెళ్ళిపోయాక, రాత్రిళ్ళు వస్తాయి. దయ్యాలకు కూడా రాత్రే అనుకూలం కదా, కథ అతుక్కుపోతుంది!

అన్ని నూనెలూ ఒకటి కాదు. ఎంత తేలిగ్గా ఆక్సిజన్‌ని పట్టుకుంటుందో చెప్పడానికి అయొడిన్ విలువ అని ఒక కొలత ఉంది. 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయొడిన్‌ని తీసుకుంటుందో ఆ సంఖ్య. కొబ్బరినూనెకు అది 10 లోపే. మన ఏజెన్సీలోనూ, బస్తర్‌లోనూ వాడే ఇప్పనూనెకు 60 ప్రాంతం. ఆముదానికి 85, వేరుశనగకు 90, నువ్వుల నూనెకు 110, పొద్దుతిరుగుడుకు 130, బస్తర్ కొండల్లో పండే వెర్రినువ్వులకు కూడా దాదాపు అంతే. అవిసె నూనెకు 180 దాకా. (ఇవి సుమారు అంకెలు. పంటను బట్టి అటూ ఇటూ అవుతాయి.) అవిసె నూనెను రంగుల్లో, చెక్క పాలిష్‌లో వాడేది త్వరగా ఆరుతుందనే. ఆరడమంటే నీళ్ళలా ఆవిరవడం కాదు, ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటం. ఏ గుణం కోసం వాడుతున్నామో ఆ గుణమే నిప్పు పెడుతుంది.

ఇది పల్లెటూరి విషయం కాదనడానికి ఫిలడెల్ఫియా నగరం చాలు. 1991 ఫిబ్రవరి 23 రాత్రి అక్కడ వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో 22వ అంతస్తులో మంట మొదలైంది. చెక్క పలకలకు పాలిష్ పెట్టిన పనివాళ్ళు అవిసె నూనె గుడ్డల్ని కుప్పగా వదిలి వెళ్ళారు. సుమారు 19 గంటలు మండింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ మంటను ఆపింది 30వ అంతస్తులో ఉన్న పది నీటి స్ప్రింక్లర్లు. తర్వాత ఆ భవనాన్నే కూల్చేశారు. ఇదంతా ఒక గుడ్డల కుప్ప చేసిన పని.

ఇక యంత్రం సంగతి. ముందు ఒక అయోమయం తీర్చాలి. మన దేశంలో ఇళ్ళల్లో "డ్రయ్యర్" అనేది ఎక్కువగా వాషింగ్ మెషిన్‌లో గిరగిరా తిప్పి నీళ్ళు పిండే భాగం. దానికి వేడి లేదు, ఈ వ్యాసంతో దానికి పని లేదు. ఇక్కడ చెప్పేది వేడిగాలితో ఆరబెట్టే డ్రయ్యర్ గురించి. ఈ మధ్య మన నగరాల్లోనూ ఉతకడం, ఆరబెట్టడం రెండూ చేసే యంత్రాలు వస్తున్నాయి కాబట్టి ఇక్కడివాళ్ళకూ ఇది పూర్తిగా పరాయి విషయం కాదు.

ఈ యంత్రం పుట్టింది కూడా మరైగూడ పొయ్యి లాంటి చోటే. 1800 ప్రాంతాల్లో పోషాన్ అనే ఫ్రెంచివాడు చిల్లులున్న పీపా ఒకటి చేసి, అందులో తడి బట్టలేసి, నిప్పు మీద చేత్తో తిప్పాడని చెబుతారు. బట్టలకు పొగ వాసన, మసి, అప్పుడప్పుడూ నిప్పూ! 1892 జూన్ 7న అమెరికాలో జార్జ్ టి. శాంప్సన్ అనే నల్లజాతి పౌరుడు పేటెంట్ పొందిన పరికరం కూడా పొయ్యి పైన బట్టలు వేలాడదీసే చట్రమే. ఉత్తర డకోటాలో చలికాలంలో తడి బట్టలు బయట ఆరేయలేక విసిగిపోయిన జె. రాస్ మూర్ పాకలో పొయ్యి పెట్టి మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి కష్టపడి తిరిగే పీపా యంత్రం దాకా వచ్చాడు. 1938లో హామిల్టన్ కంపెనీ దాన్ని 'జూన్ డే' పేరుతో అమ్మింది. ముందు తలుపుకి అద్దం కిటికీ పెట్టాలన్నది డిజైనర్ బ్రూక్స్ స్టీవెన్స్ ఆలోచన. లేకపోతే ఆ డబ్బా ఏమిటో కొనేవాడికి తెలియదు కదా.

పొయ్యి కనబడకుండా డబ్బాలో దాక్కుంది, అంతే. అమెరికన్ కరెంటు డ్రయ్యర్‌లో అయిదు కిలోవాట్ల పైచిలుకు హీటర్ ఉంటుంది. ఫ్యాను గాలిని దాని మీదుగా లాగి, తిరిగే బట్టల గుండా పంపి, గొట్టంలోంచి ఇంటి బయటికి తోస్తుంది. బట్టల నుంచి ఊడే సన్నని నూగు (అక్కడ లింట్ అంటారు) ఆ గాలితో పాటే పోతుంది. చాలావరకు జల్లెడలో ఆగుతుంది, అంతా ఆగదు. మిగిలింది గొట్టంలో, హీటర్ చుట్టుపక్కల, డబ్బా అడుగున ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. ఎండిన పత్తి నూగు ఎంత సులువుగా అంటుకుంటుందో దీపం వత్తి చేసిన ప్రతివాళ్ళకూ తెలుసు. గొట్టం మూసుకుపోయే కొద్దీ గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే హీటర్ దగ్గర వేడి పెరుగుతుంది. వేడి మితిమీరితే ఆపడానికి థర్మోస్టాట్, ఫ్యూజు ఉంటాయి. నిజమే. కానీ అవి యంత్రం పాడైనప్పుడు కాపాడటానికి పెట్టినవి. ప్రతి వారం వాటి మీదే ఆధారపడి బట్టలు ఆరబెట్టుకోవడానికి కాదు.

అమెరికా అగ్నిమాపక పరిపాలన సంస్థ లెక్క ప్రకారం 2008–2010 మధ్య ఏటా సుమారు 2,900 ఇళ్ళ మంటలు డ్రయ్యర్ల వల్ల వచ్చాయి. ఏటా 5 మరణాలు, 100 మందికి గాయాలు, 3.5 కోట్ల డాలర్ల నష్టం. శుభ్రం చేయకపోవడం ప్రధాన కారణంగా తేలినవి 34 శాతం. మొదట అంటుకున్నది సగానికి పైగా కేసుల్లో నూగో, లోపలున్న బట్టలో. అన్నిటికంటే ఎక్కువ జనవరిలో. చలికాలం, బరువైన బట్టలు, యంత్రానికి విశ్రాంతి లేదు. దయ్యాలకు జనవరి అంటే ప్రత్యేక అభిమానం ఏమీ లేదనుకుంటాను.

అయితే అంతా ఇంటివాళ్ళ బద్ధకమేనా? ఇక్కడ బ్రిటన్ కథ చెప్పకపోతే అన్యాయం. 2015 నవంబరులో వర్ల్‌పూల్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. హాట్‌పాయింట్, ఇండెసిట్, క్రెడా పేర్లతో 2004 నుంచి 2015 దాకా తయారైన కొన్ని రకాల డ్రయ్యర్లలో నూగు హీటర్‌కి తగిలి అంటుకునే ప్రమాదం ఉందని. అమ్మినవి యాభై లక్షల పైమాటే. కంపెనీ చెప్పిన విరుగుడు ఏమిటో తెలుసా? మా మనిషి వచ్చి బాగుచేసే దాకా వాడుకోవచ్చు, కాకపోతే పక్కనే ఉండండి! 2016 ఆగస్టు 19న లండన్ షెపర్డ్స్ బుష్‌లో 18 అంతస్తుల భవనంలో, బాగుచేయడానికి వరుసలో ఉన్న ఇండెసిట్ డ్రయ్యర్ నడుస్తుండగానే అంటుకుంది. వాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. పక్కనే ఉంటే మంట రాదని ఎవరు చెప్పారు? ఉంటే పారిపోవడానికి వీలుంటుంది, అంతే. 2017 ఫిబ్రవరిలో గానీ "ప్లగ్గు తీసేయండి, వాడకండి" అని సలహా మార్చలేదు, అదీ అధికారులు నోటీసులిచ్చాక. యంత్రాలు వెనక్కి తీసుకోవడం 2019 జూలైలో మొదలైంది. పదకొండేళ్ళలో కనీసం 750 మంటలకు ఈ లోపం కారణమని అప్పటికి బయటపడింది. నూగు దులపలేదని ఇంటి ఇల్లాలిని తిట్టడం ఎంత సులువో, డబ్బా తయారుచేసినవాడిని ప్రశ్నించడం అంత కష్టం.

ఇక్కడే మంటల విచారణ అనే విద్య గురించి ఒక మాట. మంత్రగాళ్ళు పల్లెల్లోనే ఉంటారనుకోకండి. 1991 డిసెంబర్ 23న టెక్సస్‌లోని కోర్సికానాలో ఒక ఇల్లు కాలి ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. తండ్రి కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్ బయటపడ్డాడు. గచ్చు మీద మడుగుల్లా కాలిన గుర్తులున్నాయి, కిటికీ అద్దం సాలెగూడులా పగిలింది, కాబట్టి పెట్రోలు లాంటిదేదో పోసి తగలబెట్టాడని "నిపుణులు" సాక్ష్యం చెప్పారు. 2004 ఫిబ్రవరి 17న అతన్ని చంపేశారు. నిజానికి గదంతా ఒక్కసారిగా మండినప్పుడు అలాంటి మడుగు గుర్తులు పెట్రోలు లేకుండానే వస్తాయి. వేడెక్కిన అద్దం మీద గొట్టం నీళ్ళు పడితే అలా బీటలు వారుతుంది. 2009లో టెక్సస్ ఫోరెన్సిక్ సైన్స్ కమిషన్ కోసం క్రెయిగ్ బేలర్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన నివేదిక ఆ సాక్ష్యానికి శాస్త్రీయ ఆధారమే లేదంది. అప్పటికి మనిషి పోయి అయిదేళ్ళు.

అమెరికాలో మంటల విచారణకు ఎన్‌.ఎఫ్‌.పి.ఏ. 921 అనే మార్గదర్శక గ్రంథం 1992లో మొదటిసారి వచ్చింది. 2011 కూర్పులో అందులో ఒక మాట స్పష్టం చేశారు. మిగతా కారణాలన్నీ కొట్టేశాం, ఇంకేమీ దొరకలేదు, కాబట్టి ఎవరో కావాలనే తగలబెట్టారు అని తేల్చడం శాస్త్రీయ పద్ధతి కాదు. కారణం తెలియకపోతే తెలియలేదని రాయాలి. బాణామతి కేసుకు వెళ్ళే మన కార్యకర్తలు భాస్వరం సీసా పక్కనే ఈ వాక్యాన్ని కూడా జేబులో పెట్టుకోవాలని నా కోరిక. వెళ్ళగానే "చేసిందెవరు" అని కాకుండా ఆ మూటలో ఏముంది, ఎప్పుడు కట్టారు, నూనె ఏమైనా పట్టిందా, ఎంతసేపు కదల్చకుండా ఉంచారు అని అడగాలి.

పరాయి దేశాల్లో ఉన్న తెలుగువాళ్ళకు ఈ రెండు రకాల మంటలూ ఒకే డబ్బాలో కలుస్తాయి. అందుకే మన వంటింటి అలవాట్ల వైపు నుంచి చెబుతాను. పిండివంటలు చేసిన రోజు నూనె తుడిచిన గుడ్డలు, తలంటు తువ్వాళ్ళు, పసిపిల్లకు నూనె రాసి చుట్టిన బట్టలు, దేవుడి గదిలో దీపాల కింద వేసిన గుడ్డ, ఇవన్నీ ఒక్క ఉతుకుతో నూనె వదలవు. మిగిలిన నూనెతో డ్రయ్యర్‌లో వేస్తే, గది వేడి దగ్గర నెమ్మదిగా జరగాల్సిన చర్య వేడి దగ్గర మొదలవుతుంది. ఆ తర్వాత వేడివేడిగా తీసి బుట్టలో కుక్కి మూత పెడతాం. 'మారియా' ఓడలో మూట గుర్తొచ్చిందా? కొబ్బరినూనె అయితే భయం తక్కువ. నువ్వులు, పొద్దుతిరుగుడు, సోయా అయితే ఆలోచించాలి. వేడి నీళ్ళలో ఎక్కువ సబ్బుతో రెండుసార్లు ఉతికి దండెం మీద ఆరేయడం మంచిది. నూనె వాసన ఇంకా వస్తోందంటే డ్రయ్యర్ జోలికి పోవద్దు. పెట్రోలు, చెక్క పాలిష్, పెయింటు తగిలిన గుడ్డలు ఎన్నిసార్లు ఉతికినా దాంట్లో వేయకూడదు. రబ్బరు, ఫోమ్ ఉన్నవీ వేయకూడదు. చివర్లో యంత్రం వేడి లేకుండా కాసేపు తిరుగుతుంది, చల్లార్చడానికే. తొందరపడి మధ్యలో ఆపితే బట్టల్ని అప్పుడే తీసి విడివిడిగా పరచాలి.

జల్లెడ ప్రతిసారీ దులపాలి. నెలకోసారి కాదు, ప్రతిసారీ. బట్టల మెత్తదనానికి వేసే కాగితాల మైనం జల్లెడకు పట్టి కంటికి కనబడకుండా మూసేస్తుంది. కుళాయి కింద పట్టి చూస్తే నీళ్ళు జల్లెడ మీదే నిలిచిపోతాయి. అప్పుడు సబ్బు నీళ్ళతో రుద్ది ఆరబెట్టాలి. వెనక గొట్టం ప్లాస్టిక్‌ది గానీ, వెండికాగితంలా నలిగే పల్చటిది గానీ ఉంటే మార్చేయాలి. గట్టి లోహపు గొట్టమే ఉండాలి, నాలుగంగుళాల వ్యాసం. అతుకుల దగ్గర మేకులు లోపలికి పొడుచుకొస్తే నూగు వాటికి చిక్కుకుంటుంది. అమెరికా గృహనిర్మాణ నియమావళిలో మామూలుగా 35 అడుగుల పొడవే హద్దు, ఒక్కో నిట్టనిలువు మలుపుకి అయిదడుగులు తగ్గించుకోవాలి. అపార్టుమెంట్లలో గొట్టం గోడల్లోంచి ఎక్కడికి పోతుందో అద్దెకున్నవాళ్ళకు తెలియదు. ఇంటి యజమానిని అడగడానికి మొహమాటపడకండి, అడిగినట్టు కాగితం మీద ఉంచుకోండి. సొంత ఇల్లయితే ఏడాదికోసారి గొట్టం అంతా దులిపించాలి. డ్రయ్యర్ నడుస్తున్నప్పుడు బయటికి వెళ్ళి చూస్తే గోడకున్న రెక్క తెరుచుకుని గాలి కొట్టాలి. కొట్టకపోతే అక్కడేదో అడ్డుంది, పిట్ట గూడైనా కావచ్చు. గ్యాసు డ్రయ్యర్ అయితే అడ్డుపడిన గొట్టం వల్ల కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి తన్నుకొచ్చే ప్రమాదం కూడా ఉంది, దానికి అలారం వేరే పెట్టుకోవాలి.

రాత్రి పడుకోబోతూ స్విచ్చి వేసే అలవాటు చాలామందికి ఉంది. కొన్ని చోట్ల ఆ వేళ కరెంటు చవక కూడా. మానుకోండి. బట్టలు మామూలు కంటే ఎక్కువసేపు తడిగా ఉంటున్నా, డబ్బా పైభాగం చెయ్యి పెట్టలేనంత కాలుతున్నా, కమురు వాసన వస్తున్నా, యంత్రం ముసలిదైందిలే అని సర్దుకోకుండా ప్లగ్గు తీసి గొట్టం విప్పి చూడండి. ఒకవేళ లోపల మంట కనబడితే తలుపు తెరవొద్దు. తెరిస్తే గాలి అందుతుంది. వీలైతే కరెంటు ఆపి, అందరినీ బయటికి పంపి, ఫైరింజన్‌కి ఫోన్ చేయండి. వాళ్ళు వచ్చి ఆర్పాక యంత్రాన్ని పారేయకండి. మోడల్ నంబరు, కొన్న తేదీ రాసి పెట్టి, అంతకు ముందు రోజు అందులో ఏమేమి వేశారో గుర్తు తెచ్చుకుని విచారణకు వచ్చినవాళ్ళకు చెప్పండి.